హిమాలయాల్లో వసంతకాలపు ట్రెక్కింగ్: సన్నాహాలు

గుడారం, స్లీపింగ్ బ్యాగ్, వంట సామగ్రి, తిండి, బట్టలు వీపు సంచిలో సర్దుకొని, రాత్రుళ్లు కొండమీదే మజిలీ చేస్తూ కొన్ని రోజులపాటు సాగించే నడకను బ్యాక్‌ప్యాకింగ్ అంటారు. బరువును నడిచేవారే మోసినా, పోర్టర్లతోనో కంచర గాడిదలతోనో మోయించినా, పర్వతమార్గాల్లో సాగే ఇటువంటి నడకలన్నింటికీ భారతదేశంలో ట్రెక్కింగ్ అనే పేరు స్థిరపడింది. హిమాలయాల్లో దీనికి అనువైన కాలాలు ప్రధానంగా రెండు: రుతుపవనాలకు ముందు మార్చి నుంచి మే వరకు ఉండే వసంతం, వానలు వెనుదిరిగాక సెప్టెంబరు చివరి నుంచి నవంబరు వరకు ఉండే శరత్తు. శరత్తులో ఆకాశం నిర్మలంగా, దారి పొడిగా ఉంటుంది కాబట్టి అప్పటి ఏర్పాట్లు కొంత సులభం. వసంతంలో మాత్రం ఎత్తుకు పోయేకొద్దీ ఋతువు వెనక్కి జరుగుతుంది. లోయలో ఎండ కాస్తున్న రోజునే నడుమనున్న అడవిలో పూలు విచ్చుతుంటాయి, కనుమ మీద ఇంకా శీతాకాలం నడుస్తుంటుంది. ఒకే ప్రయాణంలో, ఒక్కోసారి ఒకే రోజులో, మూడు ఋతువులను దాటవలసి రావడమే వసంతకాలపు సన్నాహాలన్నింటికీ మూలసూత్రం.

ఋతువు, వాతావరణం

శీతాకాలంలో మధ్యధరా ప్రాంతం వైపు నుంచి తూర్పుగా కదిలివచ్చే అల్పపీడన వ్యవస్థలను వాతావరణ శాస్త్రంలో పశ్చిమ కల్లోలాలు అంటారు. హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ కొండలపై మంచు కురిపించేవి ప్రధానంగా ఇవే. మార్చి నుంచి మంచు కరగడం మొదలైనా, ఈ కల్లోలాల రాక ఏప్రిల్‌లో కూడా పూర్తిగా ఆగదు కాబట్టి, ముందురోజు వరకు తేటగా కనిపించిన దారి ఒక్క రాత్రిలో మంచు కింద పడిపోవడం అసాధారణమేమీ కాదు. డార్జిలింగ్, సిక్కిం వంటి తూర్పు హిమాలయ ప్రాంతాల్లో బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ వల్ల ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో ఉరుములు, మెరుపులు, వడగళ్లతో వానలు పడతాయి. నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ మొదటి పక్షంలో తూర్పు హిమాలయాలను, నెలాఖరుకు ఉత్తరాఖండ్‌ను చేరుకుంటాయి కాబట్టి, వసంతకాలపు నడకలకు మే చివరి వారాన్ని ఎగువ హద్దుగా భావిస్తారు.

ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ శిఖరానికి వెళ్లే దారి మొదలయ్యే సాంక్రి గ్రామం 1,900 మీటర్లకు కొంచెం పైన ఉండగా, శిఖరం సుమారు 3,800 మీటర్ల ఎత్తున ఉంది. ఈ లెక్కన గ్రామంలో పగటి వేడి 18 డిగ్రీలున్న సమయానికి శిఖరం మీద 6 డిగ్రీలకు మించదు. గాలి తోడైతే ఒంటికి తగిలే చలి ఇంకా ఎక్కువ. పొద్దున్నే నిర్మలంగా ఉన్న ఆకాశం, ఎండకు వేడెక్కిన గాలి లోయల నుంచి పైకి లేవడం వల్ల మధ్యాహ్నానికి మబ్బు పట్టడం ఈ కాలంలో దాదాపు నిత్యకృత్యం. అందుకే తెల్లవారకముందే బయలుదేరి, మధ్యాహ్నం ఒంటిగంట, రెండు గంటలకల్లా మజిలీ చేరేలా రోజువారీ ప్రణాళిక వేసుకుంటారు.

వసంతానికే ప్రత్యేకమైన మరో అంశం అడవి మంటలు. చిర్ పైన్ చెట్ల ఎండుటాకులు నేలంతా పరుచుకొని ఉండే ఉత్తరాఖండ్ దిగువ అడవుల్లో ఫిబ్రవరి 15 నుంచి జూన్ 15 వరకు అటవీశాఖ అగ్నికాలంగా పాటిస్తుంది. ఈ కాలంలో చలిమంట వేయడం చట్టరీత్యానూ ప్రమాదరీత్యానూ తగని పని. వెచ్చదనానికి, వంటకు చలిమంటపై ఆధారపడే ఆలోచనను సన్నాహ దశలోనే వదులుకోవాలి.

మార్గం, నెల ఎంపిక

ఏ నెలలో ఏ మార్గం అనేది మంచు మట్టాన్ని బట్టి తేలుతుంది. మార్చి నెలలో మూడు వేల మీటర్లకు లోపు ఉండే అడవి దారులు, ఏప్రిల్‌లో నాలుగు వేల మీటర్లలోపు శిఖరాలు, పచ్చిక బయళ్లు, మే నెలలో అంతకు పైనున్న కనుమలు వరుసగా తెరుచుకుంటాయని స్థూలంగా చెప్పవచ్చు. ఆ ఏటి హిమపాతాన్ని బట్టి ఈ వరుస రెండు మూడు వారాలు ముందుకో వెనక్కో జరుగుతుంది కాబట్టి, బయలుదేరే ముందు వారంలో ఆ ఊరి గైడ్లను అడిగి తెలుసుకోవడమే నమ్మదగిన పద్ధతి.

కొత్తవారికి తరచుగా సూచించే మార్గాల్లో పశ్చిమ బెంగాల్‌లోని సందక్‌ఫూ దారి ఒకటి. డార్జిలింగ్ జిల్లాలోని మానేభంజన్ నుంచి భారత్–నేపాల్ సరిహద్దు వెంబడి సింగలీలా కొండవరుస మీదుగా సాగే ఈ దారి, ఆ రాష్ట్రంలోకెల్లా ఎత్తయిన 3,636 మీటర్ల సందక్‌ఫూను చేరుతుంది. ఆకాశం తేటగా ఉంటే కాంచనజంగ, ఎవరెస్ట్, లోత్సే, మకాలు శిఖరాలు ఒకేచోటు నుంచి కనిపించడం దీని ప్రత్యేకత. పాతకాలపు ల్యాండ్‌రోవర్ జీపులు తిరిగే బాట ఉండడం వల్లా, మజిలీల్లో బస, భోజన సౌకర్యాలు దొరకడం వల్లా ఇక్కడ గుడారం మోయవలసిన అవసరం తక్కువ. దీనికి భిన్నంగా సిక్కింలో యుక్సోమ్ నుంచి గోచాలా వైపు సాగే దారి, 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించిన కాంచనజంగ జాతీయోద్యానం గుండా వెళ్తుంది. మధ్యలో చెప్పుకోదగ్గ ఊళ్లు లేవు కాబట్టి తిండి, గుడారం సహా సర్వం వెంట ఉండాలి. ఉత్తరాఖండ్‌లో సాంక్రి నుంచి వెళ్లే హర్‌కీదూన్ లోయ, జోషిమఠ్ ఎగువన నందాదేవి శిఖర దర్శనానికి ప్రసిద్ధమైన క్వారీ కనుమ కూడా ఈ కాలానికి పేరుపొందిన దారులే. కింది అడవుల్లో ఫిబ్రవరి చివర మొదలై, పై అడవుల్లో ఏప్రిల్, మే నెలల వరకు సాగే ఎర్రని బురాన్ష్ పూలు ఈ మార్గాలన్నింటికీ వసంతపు గుర్తు. రోడోడెండ్రాన్ జాతికి చెందిన ఈ వృక్షం ఉత్తరాఖండ్ రాష్ట్ర వృక్షం, దాని పువ్వు నేపాల్ జాతీయ పుష్పం.

ఎత్తుకు అలవాటు పడడం

గాలిలో ఆక్సిజన్ పాలు సముద్రమట్టం దగ్గరా శిఖరం మీదా ఒకటే, సుమారు 21 శాతం. మారేది వాతావరణ పీడనం. 3,500 మీటర్ల ఎత్తున పీడనం సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులకు పడిపోతుంది కాబట్టి, ఒక్కో శ్వాసతో ఊపిరితిత్తుల్లోకి చేరే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గుతుంది. శరీరం మొదట శ్వాసను, గుండె వేగాన్ని పెంచి, క్రమంగా ఇతర మార్పులతో సర్దుకుంటుంది. ఈ సర్దుబాటుకు వ్యవధి చాలకపోతే, సాధారణంగా 2,500 మీటర్లు దాటాక, పైకి చేరిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో తలనొప్పి, దానితోపాటు ఆకలి మందగించడం, వికారం, నిస్త్రాణ, తలతిరుగుడు కనిపిస్తాయి. దీనినే ఉన్నత ప్రదేశ అస్వస్థత అనీ, ట్రెక్కింగ్ చేసేవారి వాడుకలో ఏఎంఎస్ అనీ అంటారు.

ఇది ముదిరితే రెండు ప్రాణాంతక స్థితులు ఏర్పడతాయి. మొదటిది ఊపిరితిత్తుల్లో ద్రవం చేరడం; కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గు, కొన్నిసార్లు గులాబీ రంగు నురుగు కళ్లె దీని లక్షణాలు. రెండవది మెదడు వాపు. మాట తడబడడం, మతి చలించడం, అడుగు తూలడం దీని ఆనవాళ్లు. మడమను ముందుకాలి వేళ్లకు ఆనించుకుంటూ తిన్నని గీత మీద నడవమంటే నడవలేని మనిషిని తక్షణం కిందికి దించాలి. ఈ రెండింటికీ ప్రధాన చికిత్స దిగిపోవడమే. ఆక్సిజన్, మందులు ఆ దిగుదలకు తోడ్పడేవే తప్ప దానికి ప్రత్యామ్నాయాలు కావు.

నివారణకు అంతర్జాతీయంగా పాటించే నియమం ప్రకారం, మూడు వేల మీటర్లు దాటాక ఒక రాత్రి పడకకూ మరుసటి రాత్రి పడకకూ మధ్య ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో ఒక విశ్రాంతి రోజు ఉండాలి. పగలు మరింత ఎత్తుకు ఎక్కి, నిద్రకు కిందికి దిగడం వల్ల అలవాటు త్వరపడుతుంది. అసిటజోలమైడ్ అనే మందును నివారణకు 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి వాడడం వైద్యుల్లో ఉన్న పద్ధతి. సల్ఫా మందులు పడనివారు, ఇతర జబ్బులున్నవారు వైద్యుని సలహా లేకుండా దీనిని వాడకూడదు.

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లేవారికి ఈ విషయం మరింత ముఖ్యం. తూర్పు కనుమల్లో ఆంధ్రప్రదేశ్‌లోని అత్యున్నత శిఖరాలు కూడా 1,700 మీటర్లలోపే ఉన్నాయి కాబట్టి, ఇంటి దగ్గర ఎంత సాధన చేసినా ఎత్తుకు అలవాటు పడే అవకాశం లేదు. హైదరాబాద్ నుంచి విమానంలో డెహ్రాడూన్ చేరి, మర్నాడు జీపులో సాంక్రికి, ఆ మర్నాడే నడకకు దిగేవారి శరీరం మూడు రోజుల్లో కొత్త లోకంలో పడుతుంది. రానుపోను ప్రయాణంతో కలిపి వారం సెలవులో ఇరికించిన కార్యక్రమానికి అదనంగా ఒక రోజు చేర్చడం, ఖరీదైన జాకెట్ కొనడం కంటే ఎక్కువ రక్షణనిస్తుంది.

దేహ సాధన

దేహదారుఢ్యం ఉన్నత ప్రదేశ అస్వస్థతను ఆపలేదు; పైగా బలంగా ఉన్నవారు వేగంగా ఎక్కి తొందరగా జబ్బుపడడం కద్దు. అయినా రోజుకు ఐదు నుంచి ఎనిమిది గంటలు బరువుతో నడిచి, మర్నాడు మళ్లీ నడవగలగడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాల సాధన అవసరం. వారానికి నాలుగు రోజులు వడివడి నడక లేదా పరుగు, రెండు రోజులు తొడలు, నడుము, వీపు కండరాలకు వ్యాయామం, వారాంతంలో సంచి వేసుకొని దూరపు నడక అనేవి సాధారణ క్రమం. సంచి బరువు నాలుగైదు కిలోలతో మొదలుపెట్టి, చివరి వారాలకు అసలు బరువుకు చేర్చాలి.

ఎక్కడం గుండెను పరీక్షిస్తే దిగడం మోకాళ్లను పరీక్షిస్తుంది. దిగేటప్పుడు తొడ ముందు కండరాలు సాగుతూనే శరీర బరువును ఆపవలసి వస్తుంది కాబట్టి, ఆ పనికి అలవాటు లేనివారికి రెండవ రోజు నుంచి కాళ్లు పట్టేస్తాయి. మెట్లు ఎక్కి లిఫ్టులో దిగే నగర సాధనలో ఈ సగం లోపిస్తుంది. సుమారు తొమ్మిది కిలోమీటర్లలో 3,550 మెట్లున్న అలిపిరి కాలిబాట వంటి దారిని ఎక్కడమే గాక దిగడానికి కూడా వినియోగించుకుంటే ఆ లోటు తీరుతుంది.

పర్వతారోహణలో క్రమబద్ధమైన శిక్షణనిచ్చే సంస్థల్లో 1954లో డార్జిలింగ్‌లో ఏర్పడిన హిమాలయన్ మౌంటనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, 1965లో ఉత్తరకాశీలో ఏర్పడిన నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటనీరింగ్ ముఖ్యమైనవి. 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన నిజామాబాద్ జిల్లా బాలిక మాలావత్ పూర్ణ, ఆమెతోపాటు శిఖరం చేరిన ఖమ్మం ప్రాంతపు ఆనంద్ కుమార్ మొదట భువనగిరి బండపైనా, తరువాత డార్జిలింగ్‌లోనూ, అటుపైన లద్దాఖ్ చలిలోనూ దశలవారీగా శిక్షణ పొందారు. బండ మీద పట్టు, మంచు మీద నడక, చలికి ఓర్పు అనే ఈ మూడు మెట్ల క్రమం సాధారణ ట్రెక్కింగ్‌కు కూడా చిన్నస్థాయిలో వర్తిస్తుంది.

దుస్తులు, పాదరక్షలు

ఒకే దళసరి స్వెటర్ కంటే పొరలు పొరలుగా వేసుకొనే పలుచని దుస్తులు మేలు. ఒంటికి ఆనుకొని చెమటను బయటికి పంపే పలుచని పొర, దానిపై వెచ్చదనాన్ని నిలిపే ఫ్లీస్ లేదా ఉన్ని పొర, అన్నింటిపైన గాలినీ నీటినీ ఆపే పొర అనే మూడింటిని అవసరాన్ని బట్టి వేసుకుంటూ తీస్తూ ఉంటారు. ఎక్కేటప్పుడు చెమట పట్టకుండా ముందే ఒక పొర తీసేయడం, ఆగగానే చలి తగలకముందే వేసుకోవడం ఇందులోని కిటుకు. నూలు బట్ట చెమటను పీల్చి ఒంటికి అంటిపెట్టుకొని శరీరపు వేడిని లాగేస్తుంది. మైదానంలో సుఖమిచ్చే ఈ గుణమే కొండమీద ప్రమాదకరం. ఆ కారణంగానే జీన్స్ ప్యాంట్లు, నూలు బనియన్లు నడకకు పనికిరావు. మజిలీలో వేసుకొనే పక్షి ఈకల జాకెట్ పొడిగా ఉన్నంతవరకే వెచ్చనిది కాబట్టి, దానిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టుకోవాలి.

బూట్లు చీలమండ దాకా పట్టు ఉండేవిగా, వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండేవిగా ఎంచుకోవాలి. లేకుంటే దిగేటప్పుడు గోళ్లు ముందుకు గుద్దుకొని నల్లబడతాయి. కొత్త బూట్లను కనీసం నెల రోజుల ముందు కొని, సాధనలోనే వాటితో నడవాలి. బొబ్బ పుట్టేది తడి, వేడి, రాపిడి కలిసినచోట; కాలిలో ఎక్కడైనా మంట అనిపించిన క్షణంలోనే ఆగి, మేజోడు తీసి, అక్కడ టేపు అంటించడానికి పట్టే ఐదు నిమిషాలు తరువాతి రెండు రోజుల బాధను తప్పిస్తాయి. పడుకొనేటప్పుడు మాత్రమే వేసుకొనే పొడి మేజోళ్ల జత ఒకటి విడిగా ఉండాలి.

కొత్త మంచు తనపై పడిన అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం వరకు తిప్పికొడుతుంది. వెయ్యి మీటర్ల ఎత్తు పెరిగేకొద్దీ ఆ కిరణాల తీవ్రత సుమారు పదో వంతు పెరుగుతుంది. పై నుంచీ కింది నుంచీ తగిలే ఈ వెలుగుకు కళ్లద్దాలు లేకుండా కొన్ని గంటలు గడిపితే కంటిపొర కాలి, ఆ రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్లు మంట, నీరు కారడం మొదలవుతాయి. పక్కల నుంచి కూడా వెలుగు జొరబడని నల్ల కళ్లద్దాలు, ముక్కు కింద, గడ్డం కింద కూడా రాసుకొనే సన్‌స్క్రీన్ లేపనం ఆ కారణంగా తప్పనిసరి.

వీపు సంచి, గుడారం, పడక

సొంతంగా బరువు మోసేవారికి 50 నుంచి 60 లీటర్ల సంచి సరిపోతుంది. మొత్తం బరువు మోసేవారి శరీర బరువులో ఐదో వంతు దాటకుండా చూసుకోవడం వాడుకలో ఉన్న కొలత. 65 కిలోల మనిషికి అది 13 కిలోలు. బరువులో అధికభాగం భుజాలపై కాక నడుము పట్టీ ద్వారా తుంటి ఎముకలపై పడాలి. స్లీపింగ్ బ్యాగ్ అడుగున, బరువైన తిండి, పొయ్యి వీపుకు ఆనుకొని మధ్యలో, వానకోటు, తాగునీరు, మధ్యాహ్నపు చిరుతిండి పైన సర్దితే, నడకలో సంచి వెనక్కి లాగదు, వాన మొదలయ్యాక సంచి అంతా విప్పే పని ఉండదు. సంచిపై తొడిగే కవరు ఎంత మంచిదైనా, లోపలి సామానును ప్లాస్టిక్ సంచుల్లో విడివిడిగా కట్టడం మేలు.

స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు ఉష్ణోగ్రతలు ముద్రిస్తారు: ఒకటి హాయిగా నిద్రపట్టే ఉష్ణోగ్రత, రెండవది ముడుచుకొని పడుకుంటే తట్టుకోగల హద్దు. కొనేటప్పుడు మొదటి అంకెనే చూడాలి. ఏప్రిల్‌లో 3,500 మీటర్ల దగ్గర రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు పోవడం మామూలే కాబట్టి, మైనస్ 5 నుంచి మైనస్ 10 డిగ్రీల వరకు హాయినిచ్చే బ్యాగ్ తగినది. చలి గాలి నుంచి కంటే నేల నుంచి ఎక్కువగా ఎక్కుతుంది కాబట్టి, కింద పరిచే దళసరి మ్యాట్‌ను బరువు తగ్గించే సాకుతో వదిలేయకూడదు. గుడారం వడగళ్లనూ తడిమంచు బరువునూ తట్టుకొనే రెండు పొరలదై ఉండాలి. దాని లోపల పొయ్యి వెలిగిస్తే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ పేరుకొని నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

తిండి, నీరు, వంట

చలిలో బరువుతో నడిచే మనిషికి రోజుకు మూడు వేల నుంచి నాలుగు వేల కిలోక్యాలరీల శక్తి కావాలి. అయితే ఎత్తు పెరిగేకొద్దీ ఆకలి తగ్గుతుంది. అందువల్ల తక్కువ బరువుతో ఎక్కువ శక్తినిచ్చేవి, నోటికి అలవాటైనవి ఎంచుకోవాలి. వేరుశనగ చిక్కీ, నువ్వుండలు, ఖర్జూరాలు, జీడిపప్పు నడకలో గంటకొకసారి తినడానికి, వేయించిన రవ్వతో కలిపిన పొడి ఉప్మా, అటుకులు, సేమ్యా వేడినీళ్లతో పది నిమిషాల్లో సిద్ధమయ్యే భోజనానికి తగినవి.

పీడనం తగ్గడం వల్ల నీరు మరిగే ఉష్ణోగ్రత కూడా తగ్గుతుంది. 3,600 మీటర్ల దగ్గర అది సుమారు 88 డిగ్రీలే. నీళ్లు తెర్లుతున్నా బియ్యం మెతుకు లోపల పలుకుగానే ఉండడం, కందిపప్పు గంటసేపు ఉడికినా మెదగకపోవడం అందువల్లే. కొండ ఊళ్లలో ప్రతి వంటింట్లో ప్రెషర్ కుక్కర్ కనిపించడానికి కారణమిదే. కుక్కర్ మోయనివారు పప్పు, బియ్యం ఆశ వదులుకొని ముందే ఉడికించి ఎండబెట్టిన పదార్థాలకు మారాలి; లేకుంటే మోసుకొచ్చిన ఇంధనం సగం రోజుల్లోనే అయిపోతుంది.

వాగు నీరు ఎంత తేటగా కనిపించినా, ఎగువన పశువులు మేసే బయళ్లు ఉంటాయి కాబట్టి శుద్ధి చేయకుండా తాగకూడదు. రెండు వేల మీటర్లకు పైన నీటిని కనీసం మూడు నిమిషాలు తెర్లనివ్వాలి. క్లోరిన్ బిళ్లలు వేస్తే అరగంట, మంచునీటిలో అంతకంటే ఎక్కువ సేపు ఆగాలి. చలిలో దాహం తెలియదు కాబట్టి, రోజుకు మూడు నుంచి నాలుగు లీటర్లు గుర్తుపెట్టుకొని తాగాలి.

వంట గ్యాస్ డబ్బాలను విమానంలోనూ రైల్లోనూ అనుమతించరు. వాటిని డెహ్రాడూన్, సిలిగురి, డార్జిలింగ్ వంటి చోట్ల కొనుక్కోవాలి. పవర్ బ్యాంకులు విమానంలో చేతిసంచిలోనే ఉండాలి. చలికి బ్యాటరీలు త్వరగా నీరసిస్తాయి కాబట్టి, రాత్రిపూట ఫోను, తలదీపం బ్యాటరీలను స్లీపింగ్ బ్యాగ్ లోపల పెట్టుకుంటారు.

మంచు, వాగులు, పిడుగులు

వసంతపు మంచు రాత్రి గడ్డకట్టి తెల్లవారుజామున రాయిలా ఉంటుంది, మధ్యాహ్నానికి మెత్తబడి మోకాలిదాకా దిగబడుతుంది. ఉదయపు గట్టిమంచుకు బూట్లపై తొడిగే ఇనుప ముళ్ల గొలుసులైన మైక్రోస్పైక్‌లు, మధ్యాహ్నపు మెత్తని మంచు బూట్లలోకి జొరబడకుండా పిక్కలకు కట్టుకొనే గైటర్లు అవసరమవుతాయి. మంచు వాలును దాటడమంటూ ఉంటే అది ఎండ పడకముందే జరగాలి. 30 నుంచి 45 డిగ్రీల వాలున్న చోట్ల తడిసి బరువెక్కిన మంచు జారిపడే అవకాశం మధ్యాహ్నానికి పెరుగుతుంది.

వాగులదీ ఇదే గడియారం. పగటి ఎండకు కరిగిన నీరు సాయంత్రానికి దిగువకు చేరుతుంది కాబట్టి, సాయంత్రం నడుములోతున పారే వాగు తెల్లవారేసరికి మోకాలిలోతుకు తగ్గవచ్చు. దాటే ముందు సంచి నడుము పట్టీ, ఛాతీ పట్టీ విప్పుకోవాలి. కాలు జారితే సంచిని వదిలించుకొనే వీలుండాలి. ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి, చేతికర్రను మూడవ కాలుగా ఆనించి, పక్కకు అడుగులు వేయడం సురక్షితమైన పద్ధతి.

ఉరుము వినిపిస్తే శిఖరం, కొండ అంచు, ఒంటరి చెట్టు, బహిరంగ పచ్చిక బయలు వదిలి, ఎత్తు తక్కువగా ఉన్న చోటుకు దిగాలి. బృందంలోని వారు ఒకరికొకరు దూరంగా ఉండాలి. తడి, గాలి, చలి కలిసినప్పుడు శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు దిగువకు పడిపోవడాన్ని అల్పోష్ణత అంటారు. వణుకు, మాట తడబాటు, బొత్తాం పెట్టుకోలేకపోవడం దీని తొలి గుర్తులు. తడి బట్టలు మార్చి, గాలి తగలని చోట స్లీపింగ్ బ్యాగ్‌లో ఉంచి, స్పృహలో ఉంటే తీపి పానీయం వెచ్చగా తాగించాలి.

అనుమతులు, సమాచారం

జాతీయోద్యానాలు, అభయారణ్యాల గుండా సాగే దారులకు అటవీశాఖ అనుమతి, ప్రవేశ రుసుము ఉంటాయి. సింగలీలా, కాంచనజంగ ఉద్యానాల్లో స్థానిక గైడ్‌ను వెంట తీసుకెళ్లడం నియమం. గుర్తింపు కార్డు నకళ్లు, వైద్యుని ఆరోగ్య ధ్రువపత్రం చాలాచోట్ల అడుగుతారు. ఎత్తయిన పచ్చిక బయళ్లను ఉత్తరాఖండ్‌లో బుగ్యాల్‌లు అంటారు. వాటిలో రాత్రి బసను ఆ రాష్ట్ర హైకోర్టు 2018 ఆగస్టులో నిషేధించింది కాబట్టి, పాత పుస్తకాల్లో మజిలీలుగా కనిపించే చోట్లలో ఇప్పుడు గుడారం వేయడం కుదరకపోవచ్చు.

ఫోను సిగ్నల్ చాలా దారుల్లో మొదటి రోజుతోనే ఆగిపోతుంది. ఉపగ్రహ ఫోన్లను, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలను భారతదేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా వాడడం నేరం; విదేశాల్లో వీటికి అలవాటుపడిన ప్రవాసులు ఈ నియమం తెలియక చిక్కుల్లో పడే అవకాశముంది. అందువల్ల మార్గం, మజిలీలు, తిరిగివచ్చే తేదీ, ఆ తేదీ దాటితే ఎవరికి చెప్పాలి అన్న వివరాలు ఇంట్లోనూ, దారి మొదట్లోని అటవీ చౌకీలోనూ రాసిపెట్టి వెళ్లడమే ప్రధాన రక్షణ. దేశమంతటా అత్యవసర సహాయానికి 112 సంఖ్య పనిచేస్తుంది. ఆరోగ్య బీమాల్లో చాలావాటికి సాహస క్రీడలు మినహాయింపు కాబట్టి పాలసీ షరతులు ముందే చదవాలి.

పరిసరాల రక్షణ

చలి ప్రదేశాల్లో వ్యర్థాలు కుళ్లడానికి మైదానాల కంటే ఎన్నోరెట్లు ఎక్కువ కాలం పడుతుంది. ప్యాకెట్లు, బ్యాటరీలు, తడి రుమాళ్లు వెనక్కి తేవడానికి ఒక ఖాళీ సంచి సామానులో భాగంగా ఉండాలి. కాలకృత్యాలకు నీటివనరుకు కనీసం 60 మీటర్ల దూరంలో, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతున గుంట తవ్వి పూడ్చాలి. నేలంతా మంచు ఉన్న చోట ఈ దూరం మరింత పెంచాలి, ఎందుకంటే ఆ మంచే కరిగి కింది ఊళ్ల తాగునీరవుతుంది. వసంతంలో మంచు కరిగిన నేల మెత్తగా ఉండి, అప్పుడే గడ్డి మొలకలెత్తుతుంటుంది. దారిలోని బురదను తప్పించుకోవడానికి పక్క పచ్చికపై నడిస్తే ఆ ఏటి మొలక చచ్చి దారి వెడల్పవుతుంది కాబట్టి, బురదలోంచే నడవాలి.

వెనుదిరిగే ప్రణాళిక

పర్వతారోహణ శిక్షణలో వెనుదిరగడాన్ని ఓటమిగా కాక ప్రణాళికలో ఒక భాగంగా నేర్పుతారు. 2024 జూన్ మొదటి వారంలో ఉత్తరకాశీ జిల్లాలోని సహస్రతాల్ సరస్సు దారిలో మంచు తుపానులో చిక్కుకొన్న ఎక్కువమంది కర్ణాటకకు చెందినవారే ఉన్న 22 మంది బృందంలో తొమ్మిది మంది మరణించారు. మైదానాల్లో ఎండలు మండుతున్న రోజుల్లో, ట్రెక్కింగ్ కాలం ముగింపులో జరిగిన ఈ ఘటన, కొండమీద శీతాకాలానికి క్యాలెండర్‌తో సంబంధం లేదని చూపింది.

అందుకే అనుభవజ్ఞులు బయలుదేరే ముందే మూడు హద్దులు రాసుకుంటారు. మొదటిది వేళ: శిఖరం ఎంత దగ్గరగా కనిపిస్తున్నా ఫలానా గంటకు వెనక్కి తిరగాలన్నది. రెండవది శరీరం: బృందంలో ఎవరికి తలనొప్పి తగ్గకపోయినా ఆ రోజు ఎత్తు పెరగకూడదన్నది. మూడవది వాతావరణం: మజిలీ చేరకముందే మబ్బు కమ్మితే దగ్గరలోని సురక్షిత స్థలానికి దిగాలన్నది. డబ్బు ఖర్చయిందనో, సెలవు మళ్లీ దొరకదనో, తోటివారు ముందుకు పోతున్నారనో వచ్చే ఒత్తిడిలో ఈ నిర్ణయాలు కొండమీద తీసుకోవడం కష్టం కాబట్టి, వాటిని ఇంటి దగ్గరే తీసుకొని, బృందంలో అందరికీ తెలియజెప్పి, అమలు చేసే అధికారాన్ని ఒకరికి అప్పగించడంతోనే వసంతకాలపు సన్నాహం పూర్తవుతుంది.